లిబ్రేఆఫీస్‌లో తెలుగు పని: తెనాలి డీటీపీ షాపు నుంచి ప్రాజెక్టు డైరీ

2025 ఏప్రిల్, మొదటి వారం

వార్షిక పరీక్షల ప్రశ్నపత్రాల పని అయిపోయింది. పెళ్లి శుభలేఖల ఒత్తిడి ఇంకా మొదలవలేదు. ఈ ఖాళీలో చాలా కాలంగా అనుకుంటున్న పని మొదలుపెడుతున్నాను. తెనాలిలో నా డీటీపీ షాపు కొన్నేళ్లుగా లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. శుభలేఖ, కరపత్రం, ప్రశ్నపత్రం, ఏ మేటర్ వచ్చినా అందులోని టైపింగ్ ప్రోగ్రామ్ రైటర్‌లోనే కంపోజింగ్. పైసా కట్టకుండా వాడుకుంటున్న ఆ సాఫ్ట్‌వేర్‌కు నావైపు నుంచి ఏం చేయగలనో చూసి, చేసింది చేసినట్టు ఇక్కడ రాస్తాను. నాలాంటి వృత్తిలో ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఈ దారిలోకి వస్తే పనికొస్తుంది.

మా మేనల్లుడు విజయవాడలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు. విషయం చెప్పగానే "ఓపెన్ సోర్స్ అంటే కోడ్ రాయాలి కదా మావయ్యా, సీ ప్లస్ ప్లస్ లేకుండా అందులో ఏం చేస్తాం?" అన్నాడు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్; సీ ప్లస్ ప్లస్ ఒక ప్రోగ్రామింగ్ భాష. వాడి దృష్టి, ఓపెన్ సోర్స్‌లో పనిచేసే కొత్తవాళ్లకు గూగుల్ డబ్బిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మీద ఉంది. లిబ్రేఆఫీస్ ఏళ్లుగా అందులో పాల్గొంటోంది కాబట్టి వాడి ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ నాకు తోచేది వేరు. సీ ప్లస్ ప్లస్ తెలిసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తెరమీద కనిపిస్తున్న తెలుగు మాటలో వత్తు సరిగ్గా పడిందో లేదో చూడగానే చెప్పగలవాళ్లు వాళ్లలో ఎందరుంటారు? ఆ పని మనమే చేయాలి. మనం చేయకపోతే అది ఆగిపోతుంది, ఆగిందని కూడా అవతలివాళ్లకు తెలియదు.

ప్రాజెక్టు గురించి కాస్త. దీని మూలం జర్మనీలో 1985లో మొదలైన స్టార్‌రైటర్. ఆ కంపెనీని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, 2000లో సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అలా ఓపెన్‌ఆఫీస్ పుట్టింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నాక, అదే ఏడాది సెప్టెంబరు 28న అందులో పనిచేస్తున్న చాలామంది విడిగా వచ్చి లిబ్రేఆఫీస్ ప్రకటించారు. ఇప్పుడు దాన్ని నడిపేది బెర్లిన్‌లో ఉన్న ది డాక్యుమెంట్ ఫౌండేషన్. ఏడాదికి రెండు పెద్ద విడుదలలు వస్తాయి. ఫిబ్రవరిలో వచ్చింది 25.2, ఆగస్టులో రావాల్సింది 25.8. ఏడాది, నెల కలిపితే అదే వెర్షన్ నంబరు. ఈ రెండింటి మధ్య కాలంలో పరీక్షించే మనుషుల అవసరం ఎక్కువ. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఏప్రిల్, రెండో వారం

డెవలప్‌మెంట్ బిల్డ్ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్) పెట్టుకున్నాను. మాస్టర్ కోడ్ నుంచి రోజూ తయారయ్యే ఈ బిల్డ్, లిబ్రేఆఫీస్‌డెవ్ అనే పేరుతో మామూలు వెర్షన్ పక్కనే విడిగా ఇన్‌స్టాల్ అవుతుంది. సెట్టింగుల ఫోల్డరు కూడా వేరు. షాపులో కస్టమర్ పని 25.2లో, పరీక్షలన్నీ డెవ్‌లో. రెండూ ఒకదానికొకటి అడ్డురావు. "పరీక్షిస్తే నా పని పాడవుతుందేమో" అని వెనకాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ భయం అక్కర్లేదు.

తర్వాత చేసింది పరీక్ష ఫైలు. ఈ ప్రాజెక్టు మొత్తానికీ పునాది ఇదే అవుతుందనుకుంటున్నాను కాబట్టి తీరిగ్గా తయారుచేశాను. అన్ని హల్లులకూ గుణింతాలు. వత్తు కింద వత్తు పడే మాటలు: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, దంష్ట్ర, ఉచ్ఛ్వాసం. అరుదైన ఙ వచ్చే వాఙ్మయం. అరసున్న, తెలుగు అంకెలు, పాత పద్యాల్లో వచ్చే ౘ, ౙ. మధ్యలో ఫోన్ నంబర్లు, ఇంగ్లిష్ డిగ్రీలు, ఎందుకంటే శుభలేఖలో ఇవన్నీ ఒకే లైన్లో వస్తాయి. ప్రతి పంక్తినీ ఉచితంగా దొరికే నాలుగైదు తెలుగు ఫాంట్లలో పెట్టాను. పక్కనే ఇది ఎలా కనిపించాలో చూపించే బొమ్మ. బొమ్మ లేకపోతే తెలుగు రానివాళ్లకు ఏది తప్పో తెలియదు.

పొల్లు తర్వాత వత్తు కలవకుండా ఆపే గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్ అనే మాటలో అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని ట కింద వ వత్తు వచ్చి పడుతుంది. ఈ గుర్తుతో నిండిన పంక్తులు కావాలనే ఎక్కువ పెట్టాను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను గందరగోళపెట్టిన తెలుగు అక్షరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ కింద ఞ వత్తు, ఆ తర్వాత ఈ కనిపించని గుర్తు, దాని తర్వాత దీర్ఘం. అంతే. ఆ వరుస ఉన్న మెసేజ్ వస్తే యాప్‌లు మూతపడిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. ఒక్క వరుసతో అంత జరుగుతుందని తెలిశాక, ఇలాంటి వరుసలు ముందే పరీక్షించేవాళ్లు ఎంత అవసరమో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

లిబ్రేఆఫీస్‌లో అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. 2017లో వచ్చిన 5.3కు ముందు విండోస్‌లో ఒక ఇంజిన్, మ్యాక్‌లో ఇంకొకటి ఉండేవి. 5.3 నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజే. అందుకే షాపు లినక్స్ మెషిన్‌లో కూర్చిన మాట, అదే ఫాంటుతో, ప్రింటర్ దగ్గరి విండోస్ మెషిన్‌లోనూ అలాగే కనిపిస్తోంది. ఇంకో మంచి సంగతి: హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్సే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ కూడా దాన్నే వాడతాయి. అంటే వత్తు విషయంలో ఇక్కడ పట్టిన తప్పు అక్కడ సరిచేయించగలిగితే, అది ఫోన్లలో కూడా సరవుతుంది.

మే, మొదట్లో

బగ్‌జిల్లాలో ఖాతా తెరిచాను. ఎవరికి ఏ లోపం కనిపించినా రాసేది అక్కడే. కొత్తగా వచ్చిన ప్రతి రిపోర్టూ మొదట "అన్‌కన్ఫర్మ్‌డ్" అనే స్థితిలో ఉంటుంది. రాసినవాళ్లు కాక వేరే మనిషి ఎవరైనా అదే తప్పును తమ మెషిన్‌లో తెప్పించి, "అవును, నాకూ వస్తోంది" అని రాస్తేనే దాన్ని "న్యూ"గా మారుస్తారు. ఆ తర్వాతే డెవలపర్లు దానివైపు చూసే అవకాశం. ఈ రెండో మనిషి దొరక్కే ఎన్నో రిపోర్టులు ఎదురుచూస్తూ ఉంటాయి. రెండో మనిషి కావడానికి కావలసింది సాఫ్ట్‌వేర్, కొంచెం ఓపిక, ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు. అంతకు మించి ఏమీ లేదు. ఈ ప్రాజెక్టులోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే మంచి తలుపు లేదని నా నమ్మకం.

తెలుగు అని వెతికితే పాతవి, కొత్తవి కొన్ని కనిపించాయి. ఒకదాని గురించి వివరంగా రాయాలి.

ఎవరో ఫైలు జతచేసి, మాటల మధ్యలో చుక్కల వలయాలు వస్తున్నాయని రాశారు. కింద ఒక యూరోపియన్ వాలంటీర్ చాలా మర్యాదగా, "నా మెషిన్‌లోనూ వలయాలు కనిపిస్తున్నాయి, కానీ ఈ లిపి నాకు రాదు, ఇది తప్పో ఒప్పో చెప్పలేను" అని రాశాడు. అక్కడ ఆగిపోయింది. ఫైలు తెరిచి మొదటి పంక్తి చదవగానే నాకు అనుమానం వచ్చింది. వలయం వచ్చిన మాట "నుంచి". ఉండాల్సిన వరుస: న, కొమ్ము, సున్నా, ఆ తర్వాత చి. ఫైల్లో ఉన్నది న, సున్నా, ఆ తర్వాత కొమ్ము. సున్నాతో అక్షరం ముగిసిపోతుంది. దాని తర్వాత విడిగా వచ్చిన కొమ్ముకు పట్టుకోవడానికి హల్లు లేక, హార్ఫ్‌బజ్ చుక్కల వలయం గీసి దానికి తగిలించింది. సాఫ్ట్‌వేర్ చేసింది సరైన పనే.

మరి ఆ వరుస ఎలా తప్పింది? డీటీపీవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ప్రతి అక్షరానికీ అంతటా ఒకే కోడ్ పెట్టిన యూనికోడ్ రాకముందు పేజ్‌మేకర్‌లో వాడిన ఫాంట్లలో ఒక్కో ఫాంటుకు ఒక్కో కోడ్. అక్కడ కొమ్ము, సున్నా అన్నీ పక్కపక్కన అతికించిన బొమ్మ ముక్కలే. ఏది ముందు కొట్టినా అచ్చులో ఒకేలా పడేది. అలాంటి మేటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఆ వరుస సరిచేయకుండా వదిలేస్తే ఇలాగే వస్తుంది. ఈ సంగతంతా రాసి, తప్పు వరుస ఒక పంక్తి, సరైన వరుస ఒక పంక్తి, రెండూ ఉన్న చిన్న ఫైలు జతచేశాను. రిపోర్టు "నాట్ ఎ బగ్"గా ముగిసింది. రాసినాయన థాంక్స్ చెప్పి, తన దగ్గర ఉన్న పాత పుస్తకం మేటర్ మొత్తాన్ని కన్వర్టర్ మార్చి మళ్లీ చేసుకుంటానన్నాడు.

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఒక డెవలపర్ గంటల తరబడి లేని లోపం కోసం వెతికే అవసరం తప్పింది. ఇది ప్రాజెక్టుకు చేసిన పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మే, చివర్లో

శుభలేఖల ఒత్తిడి. రాత్రిళ్లు మాత్రమే కుదురుతోంది.

రెండు రకాల రిపోర్టులు తరచూ కనిపిస్తున్నాయి. ఒకటి, "ఒక్క అక్షరం మాత్రం వేరే ఫాంటులో పడుతోంది" అనేది. దాదాపు ఎప్పుడూ ఫాంటులో ఆ అక్షరం లేకపోవడమే కారణం. ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి, నకారపొల్లు 2021లో. అంతకుముందు చేసిన ఫాంట్లలో అవి ఉండకపోవడం సహజం. అక్షరం లేకపోతే లిబ్రేఆఫీస్ ఇంకో ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. ఈ రిపోర్టు వెళ్లాల్సింది ఆ ఫాంటు చేసినవాళ్ల దగ్గరికి. ఎవరైనా మార్చుకోవడానికి వీలిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంటైతే అక్కడా మన చేయి పడొచ్చు.

రెండోది, "స్టైల్‌లో సైజు మార్చినా తెలుగుకు మారడం లేదు" అనేది. రైటర్‌లో ఇంగ్లిష్‌లాంటి లిపులకు ఒక ఫాంటు, సైజు; తెలుగులాంటి లిపులకు విడిగా ఇంకో ఫాంటు, సైజు ఉంటాయి. రెండోదాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటారు, సెట్టింగుల్లో సీటీఎల్ అని ఉంటుంది. పైదాన్ని మార్చి కిందిదాన్ని వదిలేస్తే తెలుగు కదలదు. దీన్ని బొమ్మలతో సహా ఒక పేజీ తెలుగులో రాసి, షాపుకొచ్చే టీచర్లకు ఇవ్వడం మొదలుపెట్టాను. డాక్యుమెంటేషన్ కూడా కాంట్రిబ్యూషనే. ప్రాజెక్టు గైడ్‌లన్నీ రైటర్ ఫైళ్లుగానే తయారవుతాయి కాబట్టి, కంపోజింగ్ తెలిసిన ఎవరైనా అందులో చేరిపోవచ్చు.

ఒక జాగ్రత్త. బగ్‌జిల్లాలో జతచేసిన ఫైలు ప్రపంచమంతా చూస్తుంది. కస్టమర్ శుభలేఖలో ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. లోపం కనిపించిన ఆ ఒక్క పంక్తిని కొత్త ఫైల్లో మళ్లీ తయారుచేసి అదే పెట్టాలి. దీనివల్ల ఇంకో లాభం: అనవసరమైనదంతా తీసేస్తూ పోతే చాలాసార్లు లోపానికి కారణమే బయటపడుతుంది. రిపోర్టులో సహాయం మెనూలోని అబౌట్ డబ్బాలో ఉన్న వెర్షన్ వివరాలు యథాతథంగా కాపీ చేసి పెట్టాలి. ఏం చేస్తే వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ విడివిడిగా రాయాలి.

జూన్

బడులు తెరిచారు, మేనల్లుడికి సెలవులు. వాడిని ఈ పనిలోకి దింపాను.

రైటర్ పట్టికల మీద ఎవరో రాసిన రిపోర్టు ఒకటి తీసుకున్నాం. ఫలానా ఫైలు పాత వెర్షన్‌లో బాగానే ఉండేది, కొత్త బిల్డ్‌లో లైను పేజీ దాటి కిందికి పోతోంది. ఇలా ఒకప్పుడు బాగుండి తర్వాత చెడినదాన్ని రిగ్రెషన్ అంటారు. చెడగొట్టిన మార్పు ఏదో కనిపెట్టడానికి లిబ్రేఆఫీస్‌వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు చూసి మేనల్లుడు కళ్లు పెద్దవి చేశాడు. కోడ్‌ను కంపైల్ చేసి (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి) సిద్ధంగా ఉంచిన బిల్డ్‌లను, తేదీల వరుసలో, ఒక గిట్ రిపాజిటరీగా (మార్పుల చరిత్ర దాచే గిడ్డంగిగా) పెట్టారు. దీన్ని బైబైసెక్ట్ అంటారు. మనం ఏమీ కంపైల్ చేయక్కర్లేదు. ఒక పాత బిల్డ్‌ను "గుడ్" అని, కొత్తదాన్ని "బ్యాడ్" అని చెబితే, గిట్ సరిగ్గా మధ్య బిల్డ్‌ను తెచ్చి ఇస్తుంది. ఫైలు తెరిచి చూసి, బాగుందో లేదో చెప్పాలి. మళ్లీ సగం. నిఘంటువులో మాట కోసం మధ్య పేజీ తెరిచి, ముందుకు పోవాలా వెనక్కి పోవాలా చూసుకున్నట్టే. వెయ్యి బిల్డ్‌లున్నా పది అడుగుల్లో తేలిపోతుంది.

రిపాజిటరీ చాలా జీబీలుంటుంది. రాత్రి డౌన్‌లోడ్‌కు పెట్టి పడుకోవడం మంచిది. డిస్క్ ఖాళీ ముందే చూసుకోవాలి. మెషిన్ కాస్త పాతదైనా ఫర్వాలేదు, నడిపేది తయారైన ప్రోగ్రామే కాబట్టి.

చివరికి ఒక్క కమిట్, అంటే కోడ్‌లో చేర్చిన ఒక మార్పు, తేలింది. దాని పేరు రిపోర్టులో రాసి, "బైబైసెక్టెడ్" అనే కీవర్డు తగిలించి, ఆ కమిట్ రాసిన డెవలపర్‌ను రిపోర్టులో చేర్చాం. ఆయన మర్నాడే జవాబిచ్చాడు. వాడి సంతోషం చూడాలి! "సీ ప్లస్ ప్లస్ లైను ఒక్కటీ చదవకుండా తప్పు ఎక్కడుందో చెప్పేశాం మావయ్యా" అన్నాడు. నేను ఏప్రిల్‌లో చెప్పినదాన్ని ఇప్పుడు వాడే అంటున్నాడు.

జులై

అనువాదం గురించి కొంచెమే రాస్తాను, ఎందుకంటే కొత్తగా చేరాలనుకునే తెలుగువాళ్లు ఎలాగూ మొదట అటే వెళ్తారు. మెనూలు, డైలాగులు, సహాయం పేజీలు అన్నీ వెబ్‌లేట్ అనే పద్ధతిలో బ్రౌజర్‌లోనే అనువదించవచ్చు. శాతం గుర్తులతో, డాలర్ గుర్తులతో వచ్చే ముక్కలను ముట్టుకోకూడదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాటి స్థానంలో వేరే మాటలు వస్తాయి. విడుదలకు ముందు స్ట్రింగ్ ఫ్రీజ్ ఉంటుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ మాటలు మారవు కాబట్టి అనువాదకులకు అదే సరైన అదను. చేసిన ప్రతి మాటనూ డెవ్ బిల్డ్ తెలుగులో నడిపి, డైలాగ్‌లో పడుతుందో లేదో చూడాలన్నది నా పట్టుదల. మన మాటలు పొడుగు. బటన్ మీద సగం తెగిన తెలుగు కంటే ఇబ్బంది ఇంకోటి లేదు.

మేనల్లుడు తన మొదటి ప్యాచ్ (కోడ్‌లో తను చేసిన మార్పు) పంపాడు. కొత్తవాళ్ల కోసం ఈజీహ్యాక్ అనే గుర్తు పెట్టిన పనులుంటాయి. వాడు తీసుకున్నది 147021 నంబరుది: శ్రేణిలో ఎన్ని అంశాలున్నాయో లెక్కపెట్టే పాత మాక్రోను తీసి, సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలోని సైజ్ ఫంక్షన్ పెట్టడం. మొత్తం కోడ్ ఒకసారి కంపైల్ కావడానికి వాడి ల్యాప్‌టాప్‌కు రాత్రంతా పట్టింది. ప్యాచ్ గెరిట్ అనే సమీక్ష సైటుకు వెళ్తుంది. అక్కడ జెన్‌కిన్స్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటి మీదా కట్టి చూస్తుంది. ఆ తర్వాత అనుభవజ్ఞుడైన మనిషి చదువుతాడు. వాడికి వచ్చిన మొదటి జవాబు, "ఈ ఫైల్లో మార్పు చాలా బాగుంది, కానీ ఆ ఫంక్షన్‌కు కావలసిన హెడర్ ఫైలు చేర్చలేదు" అని. చేర్చి మళ్లీ పంపాడు, కలిపారు. తన పని ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద వాడుకోవచ్చని ఒక ఈమెయిల్ పంపితే చాలు, హక్కులు ఎవరికీ రాసివ్వక్కర్లేదు.

వాడి క్లాసులో కొందరు ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట మార్చి దాన్నే కాంట్రిబ్యూషన్ అంటున్నారట. అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో ఇలాంటి పనికిరాని మార్పులు వెల్లువెత్తి, ప్రాజెక్టులు నడిపేవాళ్లు నలిగిపోయారు. నిర్వాహకులు నెల మొదట్లోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ప్రతి ప్యాచ్‌నూ అవతల ఒక మనిషి తన సాయంత్రం ఖర్చుపెట్టి చదువుతాడు. ఆ సాయంత్రానికి తగ్గ పని పంపాలి. వాడికి ఈ మాట గట్టిగానే చెప్పాను.

ఆగస్టు

25.8 విడుదలైంది. పరీక్ష ఫైలు మొత్తం మళ్లీ తిప్పి చూశాను, తెలుగు పంక్తులన్నీ బాగున్నాయి. షాపు మెషిన్లను మాత్రం ఇంకో ఒకటి రెండు దిద్దుబాటు వెర్షన్లు వచ్చాకే మారుస్తాను.

ఈ నెలంతా నాకు అన్నింటికంటే ఇష్టమైన పని: స్పెల్ చెక్. రైటర్‌లో తెలుగు మేటర్ తెరిస్తే మంచి మాటల కింద కూడా ఎర్ర గీతలు. దాంతో మా షాపులో అందరూ దాన్ని ఆపేసి పనిచేస్తారు. ఆపేస్తే నిజమైన తప్పులు కూడా దొరకవు, ప్రూఫ్ చూసేవాళ్ల కళ్లే దిక్కు.

స్పెల్ చెక్ చేసేది హన్‌స్పెల్. పేరులోనే ఉన్నట్టు హంగేరియన్ కోసం పుట్టింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ కూడా దాన్నే వాడతాయి. ఒక్కో భాషకు రెండు ఫైళ్లు. ఒకటి మాటల జాబితా, రెండోది ప్రత్యయాల నియమాలు. రెండూ మామూలు టెక్స్ట్ ఫైళ్లే, ఎడిటర్‌లో తెరిచి చదవచ్చు. జాబితాలో "పుస్తకం" అని రాసి పక్కన ఒక గుర్తు పెడితే, ఆ గుర్తు నియమం "చివరి సున్నా తీసి దీర్ఘం, లు చేర్చు" అంటుంది. పుస్తకాలు వచ్చేసింది. దాని మీద ఇంకో నియమం: లు తీసి లకు, లను, లతో, లలో చేర్చు. హన్‌స్పెల్ ఇలా రెండు పొరలు ఒలవగలదు. హంగేరియన్‌లాగే మన భాషలోనూ ప్రత్యయం మీద ప్రత్యయం పడుతుంది కాబట్టి ఇది వరమే. అయితే మనకు రెండు చాలవు. "పుస్తకాల్లోనే", "పుస్తకాల్లోంచి" లాంటివి మూడో పొర. అందుకని లోనే, లోకి, లోంచి అన్నీ ఒకే ప్రత్యయంగా అతికించి రెండో పొరలో పెట్టాలి. ఈ జాబితా కాగితం మీద రాసుకుంటూ పోతే వ్యాకరణం పీరియడ్‌లో కూర్చున్నట్టుంది, కానీ నిజంగా ఆనందంగా ఉంది.

నియమం విశాలంగా పెడితే ప్రమాదం. సున్నాతో ముగిసే ప్రతి మాటకూ బహువచనం గుర్తు పెట్టేస్తే "మనం" నుంచి "మనాలు" పుడుతుంది, హన్‌స్పెల్ దాన్ని ఒప్పుకుంటుంది. మంచి మాట కింద గీత పడితే చిరాకు. తప్పు మాట కింద గీత పడకపోతే అచ్చులోకి వెళ్లిపోతుంది. రెండోది పెద్ద నష్టం. అందుకే గుర్తులన్నీ మాట మాటకూ చూసి పెడుతున్నాను.

నేను తేల్చుకున్నవి ఇంకొన్ని. పెళ్లి, పెళ్ళి రెండూ ఉంచాను. రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకదాన్ని తప్పనే అధికారం స్పెల్ చెక్‌కు లేదు. విద్యార్ధి మాత్రం తప్పే. ప్రశ్నపత్రాల్లో నేను ఎక్కువగా దిద్దే మాట అదే. హన్‌స్పెల్‌లో ఇలాంటి అలవాటు తప్పులకు మార్పిడి పట్టిక ఉంటుంది. "ర్ధి" కనిపిస్తే "ర్థి" సూచించమని అందులో చేర్చాను. అర్థం, అర్ధం రెండూ సరైన మాటలే కాబట్టి వాటి జోలికి పోలేదు, అది ప్రూఫ్ చూసే మనిషి పని. సాఫ్ట్‌వేర్‌లాంటి మాటల్లో కనిపించని గుర్తును పట్టించుకోకుండా వదిలేసే వెసులుబాటు కూడా హన్‌స్పెల్‌లో ఉంది. దాన్ని వాడలేదు. వాడితే ట కింద వ వత్తు పడిన రూపాన్ని కూడా ఒప్పుకుంటుంది. సరైన రూపాన్నే జాబితాలో పెట్టి, పట్టికలో సూచన ఇస్తే కంపోజింగ్ చేసే పిల్లలకు అదే నేర్పినట్టవుతుంది.

మాటలు ఎక్కడివి అన్నది ముఖ్యం. అచ్చులో ఉన్న నిఘంటువు నుంచి ఎత్తి పెట్టకూడదు, కాపీరైట్ ఉంటుంది. మా షాపులో కంపోజ్ చేసిన మేటర్ నుంచి, పేర్లు, అడ్రసులు తీసేసి, విడి మాటల జాబితా మాత్రం తీశాం. హన్‌స్పెల్‌ను కమాండ్‌లో నడిపితే తనకు తెలియని మాటలన్నీ వరుసగా ఇస్తుంది. మేనల్లుడు వాటిని ఎక్కువసార్లు వచ్చినవి పైకి వచ్చేలా అమర్చి ఇచ్చాడు. పై నుంచి మొదలుపెడితే కొద్ది మాటలతోనే ఎర్ర గీతలు బాగా తగ్గుతాయి. తగ్గడం రోజూ కళ్లతో చూస్తున్నాను.

సెప్టెంబరు

నామవాచకాల మొదటి విడత ప్యాచ్ గెరిట్‌లో పెట్టాం. నిఘంటువులు విడి రిపాజిటరీలో ఉంటాయి, పంపే దారి మాత్రం అదే. రివ్యూలో అడిగింది రెండే: మాటల మూలం ఏమిటి, లైసెన్స్ ఏమిటి. మూలం ఎలా వచ్చిందో రాసి పెట్టుకున్నాం కాబట్టి జవాబు వెంటనే ఇచ్చాం. ఇంకా కలపలేదు, వేచి చూస్తున్నాం.

మిగిలింది క్రియలు, అదే పెద్ద కొండ. చేస్తాడు, చేసింది, చేయకుండా, చేసినప్పటికీ, చేయాల్సివస్తే... ఒక్క ధాతువుకే ఇన్ని రూపాలు. ఏ ధాతువు ఏ వర్గంలోకి వస్తుందో నిర్ణయించడానికి వ్యాకరణం బాగా తెలిసిన మనిషి కావాలి. మా బజారులో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైన మాస్టారున్నారు. కంప్యూటర్ ముట్టుకోరు. విషయం చెబితే ఎర్ర గీతలు పడిన ప్రింటు ఒకటి అడిగి తీసుకుని, చాలాసేపు చదివారు. "ఇది బడి పిల్లలు కూడా వాడతారా?" అని అడిగారు. వాడతారండీ అన్నాను. దసరా సెలవుల్లో రోజూ సాయంత్రం కూర్చుందాం అన్నారు.

మొదట చేయు, పోవు, వచ్చు, ఇచ్చు, ఈ నాలుగు ధాతువుల రూపాలన్నీ ఆయన పట్టికలుగా రాసిస్తారు. నేను కంపోజ్ చేసి ప్రూఫ్ చూస్తాను. మేనల్లుడు వాటికి గుర్తులు పెట్టి ప్యాచ్ తయారుచేస్తాడు. కమిట్ సందేశంలో మాస్టారి పేరు కూడా ఉండాలని వాడే ముందుగా అన్నాడు. ఆయన్ని అడిగాం, సరే అన్నారు.